రెండు గళ్ళలోనూ టిక్కు

"చదువుకా అమ్మా, ఆటకా?" అన్నాడు లాప్‌టాపుల షాపతను.

సువార్తమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. పేట బస్టాండు వెనక సందులో ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్న మనిషి ఆమె. జాకెట్లు కుట్టేదీ ఆ మిషనే, మిరపకాయల గోతాలకు మాసికలు వేసేదీ ఆ మిషనే, క్రిస్మస్‌కి చర్చి పిల్లల నాటకంలో దేవదూతలకు రెక్కలు కుట్టేదీ ఆ మిషనే. ఆ మిషను కొన్న రోజున జాకెట్లకా గోతాలకా అని ఆమెను ఎవరూ అడగలేదు.

"రెండిటికీ పనికొచ్చేది లేదా?" అంది.

"ఎందుకు లేదు? మీ అమ్మాయి చేతిలో ఉంది చూడండి, అదే."

కూతురు కెజియా అప్పటికే ఒక బూడిదరంగు లాప్‌టాప్‌ను ఎత్తి బరువు చూస్తోంది. మూడు వారాలుగా ఆ పిల్లకు ఇదే పని. మెకానికల్ రెండో సంవత్సరం. గేర్‌బాక్సుల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు నడవాలంటే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న లాప్‌టాప్ కావాలని కాలేజీవాళ్ళే చెప్పారు. అన్నం తిన్నాక ఒక అరగంట కార్ల పందెం ఆడుకోవాలని కెజియాకు కోరిక. దానికీ అదే కార్డు కావాలి. మూత మీద డ్రాగను బొమ్మా, కీబోర్డు కింద ఎర్రలైట్లూ ఉన్నవాటిని పక్కకు నెట్టింది. ఫ్యాను మోత విన్నది. తెరను అటూ ఇటూ వంచింది. చివరికి ఈ బూడిదరంగుదాని దగ్గర ఆగింది.

"కార్డుకేం తెలుసమ్మా, ఏది గేరుబాక్సో ఏది పందెంకారో," అన్నాడు షాపతను. "దానికి రెండూ బొమ్మలే."

చదువు లేని షాపతనికి తెలిసిన ఆ ముక్క డాక్టరేట్లున్న వాళ్ళకు తెలియక ఎంత గోల జరిగిందో చెప్పడానికే ఈ కథ.

ఇంటికొచ్చాక సువార్తమ్మ పాత బొంతలోంచి దూది తీసి, జీన్సు గుడ్డలో కూరి, లాప్‌టాప్‌కు ఒక సంచీ కుట్టింది. తలగడంత మందం వచ్చింది. "పడ్డా పగలదు," అంది. సాయంత్రం కెజియా కారు నడుపుతుంటే ఆమె వెనక కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో నేలను తొక్కేది. "బ్రేకు తొక్కవే, బ్రేకు. గుద్దుతావు." ఆ ఇంట్లో అంత నవ్వు చాలా రోజులుగా లేదు.

కాలేజీ ఊరి బయట, మిరప చేల మధ్య ఉంది. నోటీసుబోర్డులో రెండు సర్క్యులర్లు ఒకే గుండుసూదికి వేలాడుతున్నాయి. రెండిటికీ ఒకటే తేదీ, కింద ఒకటే సంతకం.

నలభై ఒకటో సర్క్యులర్ ఇలా ఉంది: "కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్లు విశ్రాంతి దశలో ఉన్నందున, ద్వితీయ సంవత్సర విద్యార్థులు ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు కలిగిన స్వంత లాప్‌టాప్‌తో డిజైన్ ప్రాక్టికల్ పరీక్షకు హాజరు కావలెను. స్టిక్కరు లేని బయటి లాప్‌టాప్‌లు అనుమతించబడవు. కళాశాల సామగ్రికి స్టిక్కరు అవసరము లేదు."

నలభై రెండో సర్క్యులర్: "విద్యార్థులలో ప్రబలుచున్న ఆటల వ్యసనమును సమూలముగా నిర్మూలించు సదుద్దేశముతో, ఆటలకు ఉపయోగపడు లాప్‌టాప్‌లను కళాశాల ఆవరణలో నిషేధించడమైనది."

అంటే ఆ కార్డు ఉండి తీరాలి, ఉండకూడదు. విద్యార్థులెవరూ దీని గురించి బుర్ర పాడుచేసుకోలేదు. స్టిక్కరు కోసం ఒక ఫారమిచ్చారు. "వినియోగ ఉద్దేశము" అని రాసి కింద రెండు గళ్ళు. ఒకటి చదువు, ఒకటి ఆట. "ఏదేని ఒక గడిలో మాత్రమే టిక్కు పెట్టవలెను." నూట పద్దెనిమిది మంది చదువు గడిలో టిక్కు పెట్టి, ఫారం ఇచ్చేసి, క్యాంటీన్‌కు పోయి ఆట మొదలుపెట్టారు.

కెజియా రెండు గళ్ళలోనూ పెట్టింది.

ఆఫీసు గుమాస్తా మస్తాన్ వలి ఆ ఫారాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా చూశాడు.

"ఏందమ్మాయ్ ఇది?"

"టిక్కు, సార్."

"టిక్కని నాకూ కనపడతంది. రెండున్నయ్యేందని."

"రెండిటికీ కొన్నాం గదా సార్."

"కొంటే కొన్నావు. రాయమన్నదెవరు?"

"ఎందుకు కొన్నావని ఫారమే అడుగుతంది."

మస్తాన్ వలి బల్ల మీదున్న కట్టను ఎత్తి చూపించాడు. "నూట పద్దెనిమిది. అందరూ చదువుకే కొన్నారు. నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను టీ తాగుతుంటే వీళ్ళలో సగం మంది తుపాకులు పేలుస్తన్నారు తెరల మీద. నేనేమన్నా అన్నానా? ఫారం శుభ్రంగా ఉంది. ఫారం శుభ్రంగా ఉంటే కాలేజీ శుభ్రంగా ఉన్నట్టే. నీకేం రోగమమ్మా?"

"పోనీ ఒకటి కొట్టేస్తా, ఇటివ్వండి."

"కొడితే కొట్టివేత అవుద్ది. కొట్టివేతకు ప్రిన్సిపాల్ గారి సంతకం కావాల. సంతకం పెట్టాలంటే ఆయన చదవాల. చదివితే," అని మస్తాన్ వలి ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, "చదివితే మనందరికీ చెడ్డరోజులే."

ఆయన చదివాడు.

ప్రిన్సిపాల్ డాక్టర్ దశరథరామయ్య గారు ఆ ఫారాన్ని రెండు వేళ్ళతో, తడిసిన కాగితాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. పక్కన క్రమశిక్షణాధికారి అనసూయాదేవి మేడం నిలబడి ఉంది. ఆమె కెమిస్ట్రీ చెబుతుంది.

"అమ్మాయీ, ఇది నీ ఒక్కదాని సమస్య కాదు," అన్నారు ప్రిన్సిపాల్. "ఇది స్వభావానికి సంబంధించిన మౌలిక సమస్య. ఒక ఉపకరణము ఏకకాలమున చదువుకూ, చదువుకు శత్రువైన ఆటకూ ఉపయోగపడునని నీవు లిఖితపూర్వకముగా ప్రకటించితివి. ఇది నిజమైనచో ఈ కళాశాల పునాది ఏమి కావలెను?"

"పరీక్షకు స్టిక్కరిస్తే చాలు సార్."

"ఏ ద్రావణమైనా ఆమ్లమన్నా అవ్వాలి, క్షారమన్నా అవ్వాలి," అంది అనసూయాదేవి మేడం. "లిట్మస్ కాగితం ముంచితే ఎరుపో నీలమో తేలిపోవాలి. రెండూ అంటే కుదరదు."

"ఉప్పునీళ్ళో, మేడం?"

కెమిస్ట్రీ మేడం మొహం ముందు ఎరుపయింది, తర్వాత ఇంచుమించు నీలమయింది.

"సార్, దీనికి కమిటీ వెయ్యాల్సిందే," అంది.

వేశారు. దాని పేరు ద్వంద్వ వినియోగ ఉపకరణముల స్వభావ నిర్ధారణ సంఘం. ఒక్క లాప్‌టాప్‌ను పరీక్షిస్తే వివక్ష అవుతుంది కాబట్టి నూట పంతొమ్మిదింటినీ పరీక్షించాలని మొదటి సమావేశంలోనే తీర్మానం చేశారు. వివాదంలో ఉంది కాబట్టి కెజియాది చివరి నంబరు. పరీక్ష పద్ధతి అనసూయాదేవి మేడం తయారుచేసింది. ప్రతి లాప్‌టాప్ మీదా కార్ల పందెం ఒకటి ఆడి చూడాలి. ఆడినవాడు గెలిస్తే అది ఆట స్వభావం కలది. ఓడిపోతే విద్యా స్వభావం కలది. లిట్మస్ లాగా తేలిపోతుంది.

ఆడేదెవరన్నది వెంటనే తేలింది. ఉద్యోగం పేరులో ఆటలున్న మనిషి కాలేజీ మొత్తానికి ఒక్కడే.

ఆటలు నేర్పే పీడీ వీరాస్వామి ఒకప్పుడు జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడినవాడు. మోకాలు పోయాక ఆటసామాన్ల గది ముందు కుర్చీ వేసుకుని, స్టాకు రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కాలం గడుపుతున్నాడు. ఆటస్థలానికి ఒకవైపు గోడ ఛాతీ ఎత్తు కూడా ఉండదు. దాని అవతల మిరప చేను. గట్టిగా కొట్టిన ప్రతి బంతీ అందులో పడుతుంది. పడ్డప్పుడల్లా వీరాస్వామి రిజిస్టరులో ఒకటే వాక్యం రాసి సంతకం పెడతాడు: "గోడ అవతల పడినది. దొరకలేదు." పద్దెనిమిదేళ్ళలో ఎన్ని వందలసార్లు రాశాడో. ఆడిట్‌కు వచ్చినవాళ్ళు ఆ వాక్యం కనపడగానే పేజీ తిప్పేసేవాళ్ళు.

కమిటీ వేసిన సంగతి తెలియగానే క్లాసంతా కెజియా మీద పడింది.

"హాయిగా స్టిక్కర్లు వచ్చేవి గదే. నీ నిజాయితీ తగలెయ్య," అంది వెనక బెంచీ అమ్మాయి.

"ఫారంలో అబద్ధం రాయటం నా వల్ల కాలేదు. ఏం చెయ్యమంటావు?"

"పీడీ సార్ కారు నడిపితే కూడా నిజమే మాట్లాడు మరి."

ఆ మాట తర్వాత నిజమయింది.

మొదటిరోజు సెమినార్ హాల్లో పరీక్ష మొదలైంది. మధ్యలో బల్ల, బల్ల మీద లాప్‌టాప్, ఒక పక్క మేడం, ఇంకో పక్క ప్రిన్సిపాల్. వీరాస్వామి కబడ్డీ కూతకు పోయేముందు లాగా నేలను ముట్టి కళ్ళకద్దుకుని కూర్చున్నాడు. పందెం మొదలైన తొమ్మిదో సెకనుకు ఆయన కారు సముద్రంలో పడింది.

"ఈ బండికి బ్రేకు యాడుందమ్మా?" అన్నాడు.

మేడం రాసుకుంది: "ఉపకరణము ఆటకు సహకరించలేదు. విద్యా స్వభావము నిర్ధారించడమైనది." నీలం స్టిక్కరు పడింది. రెండో లాప్‌టాప్ మీద కారు వెనక్కి నడిచి ప్రేక్షకుల్లోకి దూరింది. మూడోదాని మీద బయలుదేరనే లేదు. మూడు రోజుల్లో అరవై లాప్‌టాపులకు నీలం స్టిక్కర్లు పడ్డాయి. వాటిలో ఎర్రలైట్లూ డ్రాగన్లూ ఉన్నవి కూడా ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు పొంగిపోయారు. "మన విద్యార్థుల ఉపకరణములు ఎంతటి సచ్ఛీలము కలవో చూచితిరా," అన్నారు.

వీరాస్వామి మాత్రం భోజనం మానేశాడు. జిల్లాకు ఆడిన మనిషి. పిల్లకాయల ముందు అరవై సార్లు సముద్రంలో పడ్డాడు. మూడో రోజు సాయంత్రం ఆటసామాన్ల గది ముందు కుర్చీలో తల వంచుకుని ఉంటే కెజియా అటుగా పోతూ ఆగింది.

"ఏం సార్, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది తల్లీ. మలుపు రాగానే పోతన్నా. ఎందుకంటావు?"

ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదని ముందే అనుకున్నాం గదా.

"మలుపులోకి పోయాక బ్రేకు తొక్కుతున్నారు సార్. ముందే తొక్కాలి. తర్వాత వదిలేసి లోపలి వైపు నుంచి తిప్పాలి."

వీరాస్వామి తల ఎత్తాడు. ఆ కళ్ళలో వచ్చిన వెలుగు చూసి, చేసిన తప్పేమిటో ఆమెకు అప్పుడు తట్టింది.

నాలుగోరోజు పొద్దున అరవై ఒకటో లాప్‌టాప్ మీద ఆయన మూడో స్థానంలో వచ్చాడు. అరవై రెండో దాని మీద గెలిచాడు. అక్కణ్ణుంచి ఎదురు లేదు. గెలిచిన ప్రతిదానికీ ఎర్ర స్టిక్కరు అంటించి జప్తు చేశారు. అరవై మూడో నంబరు విద్యార్థి లేచి, తనదీ పన్నెండో నంబరుదీ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు ఒకే షాపులో కొన్నామని చెప్పాడు. దానికెందుకు నీలం, దీనికెందుకు ఎరుపని అడిగాడు.

"ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు బుద్ధిమంతుడు, ఒకడు పోకిరి కావడం లేదా?" అంది మేడం. "మోడల్‌ను బట్టి స్వభావం రాదు. నెక్స్ట్."

"మొదట్లో పీడీ గారికి ఆడటం రాలేదు మేడం, అందుకని..."

"పరీక్షకుడికి ప్రావీణ్యం పెరగడం పరీక్షకు గౌరవం," అన్నారు ప్రిన్సిపాల్. ఆ గౌరవం నిలబెట్టడానికి వీరాస్వామికి సాధన అవసరమని తీర్మానం చేసి, జప్తు చేసినవాటిలో ఒక మంచి లాప్‌టాప్‌ను నమూనా పేరుతో ఆయనకు అప్పగించారు. పీడీ పీరియడ్లు రద్దయ్యాయి. ఆటల వ్యసనం నిర్మూలించే పనిలో ఆయన పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆడుతూనే ఉన్నాడు.

జనం ఊరుకుంటారా? డెబ్భయ్యో నంబరు వాడు ఇంట్లో అటక మీదున్న పాత లాప్‌టాప్ తెచ్చాడు. అది వెలగదు. తెర పగిలింది. కీబోర్డులో ఆరు మీటలు లేవు. వీరాస్వామి ఎంతసేపు నొక్కినా ఏమీ జరగలేదు. ఆయన ఓడిపోయినట్టే లెక్క. నీలం స్టిక్కరు పడింది. మర్నాడు ఇంకో పదిమంది అలాంటివే తెచ్చారు. ఒకడిదైతే లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల.

ప్రిన్సిపాల్ గారికి ఆ డొల్ల మీద అభిమానం పుట్టింది. చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "దీని మీద ఏ విద్యార్థియు ఏ కాలమునందును ఏ దుర్వినియోగమును చేయజాలడు. ఆదర్శ ఉపకరణమన్న ఇదియే," అన్నారు. దాన్ని అద్దాల బీరువాలో, కాలేజీకి వచ్చిన షీల్డుల పక్కన పెట్టించారు. వచ్చే ఏడు నుంచి విద్యార్థులందరూ ఈ తరహావే కొనేలా సర్క్యులర్ తయారు చెయ్యమని మస్తాన్ వలికి చెప్పారు. మస్తాన్ వలి తయారు చేశాడు. ఆయన దేన్నయినా తయారు చేస్తాడు.

పరీక్షకు రెండు రోజులుందనగా నూట పంతొమ్మిదో నంబరు వచ్చింది.

కెజియా ఆ దూది సంచీలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. ఈ ప్రాక్టికల్ పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే స్కాలర్‌షిప్పు పోతుంది. స్కాలర్‌షిప్పు పోతే ఆమె కూడా ఆ సందులో ఇంకో కుట్టుమిషను ముందు కూర్చోవాల్సిందే. ఇది హాల్లో ఉన్న అందరికీ తెలుసు.

వీరాస్వామి కీబోర్డు మీద వేళ్ళు పెట్టి తృప్తిగా నిట్టూర్చాడు. "మెత్తగా ఉందమ్మా. మంచిది కొన్నావు." తర్వాత రెండు నిమిషాల నలభై సెకన్లలో, అంతవరకు ఏ లాప్‌టాప్ మీదా రానంత తేడాతో గెలిచాడు. గెలిచాక కెజియా వైపు చూశాడు. మొహంలో గర్వమూ ఉంది, సిగ్గూ ఉంది. "నువ్వు చెప్పినట్టే తిప్పానమ్మా," అన్నాడు.

"మేడం, ఒక్క నిమిషం," అని కెజియా ఆట మూసేసి గేర్‌బాక్సు బొమ్మ తెరిచింది. పళ్ళచక్రాలు తెర మీద ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతున్నాయి. నెలరోజుల పని అది. "ఇది కూడా దీంట్లోనే గీశాను. ఇదీ నడుస్తంది చూడండి."

అనసూయాదేవి మేడం అటు చూడలేదు. "చదువు మా పరిధిలో లేదు. ఈ సంఘం ఆటను మాత్రమే పరీక్షిస్తుంది."

ఎర్ర స్టిక్కరు పడింది. జప్తయిన లాప్‌టాపులన్నీ ఆట వస్తువులని తేలాయి కాబట్టి అవి ఆటసామాన్ల గదికి పోవాలని ప్రిన్సిపాల్ గారు సెలవిచ్చారు. బూడిదరంగు లాప్‌టాప్ వాలీబాల్ వలకూ షటిల్ బ్యాట్లకూ మధ్య అరలోకి చేరింది. స్టాకు రిజిస్టరులో వీరాస్వామి స్వయంగా రాశాడు. వస్తువు: లాప్‌టాప్. సంఖ్య: ఒకటి. తర్వాతి గడి పేరు "గాలి". అది బంతుల కోసం వేసిన గడి. ఖాళీగా వదిలితే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరని "ఉంది" అని రాశాడు. సంచీ ఆట వస్తువు కాదు గనక తిరిగిచ్చారు.

కెజియా ఆ ఖాళీ సంచీ భుజాన వేసుకుని ఆఫీసుకు పోయింది.

"సార్, నాది నాకెప్పుడిస్తారు?"

మస్తాన్ వలి తలెత్తలేదు. "నీది యాడుంది? స్టాకులో ఎక్కింది. స్టాకులో ఎక్కింది కాలేజీ సామగ్రి. సామగ్రి ఎవరికీ తిరిగివ్వరు."

"మరి నా పరీక్ష?"

మస్తాన్ వలి రాస్తున్నవాడు రాస్తూనే ఉన్నాడు. ఎవరికీ చెప్పనట్టు, కాగితంతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "ఆటసామాన్లు గుర్తింపు కార్డు చూపించిన ఏ విద్యార్థికైనా సంతకం మీద ఇస్తారు. సాయంత్రం నాలుగింటిదాకా. అది పాత రూలు. కాలేజీ సామగ్రికి స్టిక్కరు అక్కర్లేదు. అది కొత్త రూలు. ఈ రెంటినీ కలిపి చదివినోడు ఈ కాలేజీలో ఇంతవరకు లేడు. నేను మాత్రం చదవలేదు."

ఆ సాయంత్రం కెజియా క్లాసులో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ఈ సంగతి చెప్పింది. తిట్టినవాళ్ళకు కూడా చెప్పింది. తర్వాత ఇంటికి పోయి తల్లి మిషను పక్కన కూలబడింది.

"రేపు కాదు ఎల్లుండి పరీక్ష రాయొచ్చమ్మా. కానీ అది కాలేజీదని సంతకం పెట్టి తీసుకోవాల."

"మనం కొన్నది వాళ్ళదని రాసియ్యాలా?"

"ఇయ్యాల. నాలుగింటికి తిరిగి పెట్టాల. ఇంక అంతే. అది అక్కడే ఉంటది, బంతులతో పాటు."

సువార్తమ్మ మిషను తొక్కుతూనే ఉంది. "నా మిషను ఇట్టా ఎవడన్నా ఎత్తుకుపోతే కత్తెర తీసుకుని పోయేదాన్ని."

"బంతులే నయం," అంది కెజియా. "రిజిస్టరు చూశా. పేజీలకు పేజీలు గోడ అవతల పడ్డయ్యంట, దొరకలేదంట. వాటిని ఒక్కడూ అడగడు."

మిషను ఆగింది.

"గోడ ఎంతెత్తు?" అంది సువార్తమ్మ.

పరీక్ష రోజు పొద్దున ఆటసామాన్ల గది ముందు నలభై ఆరు మంది వరసలో నిలబడ్డారు. వీరాస్వామి నమూనా లాప్‌టాప్ మీద పందెం మధ్యలో ఉన్నాడు. ఎడంచేత్తో రిజిస్టరు ముందుకు తోశాడు. ఒక్కొక్కరే సంతకం పెట్టి ఎవరిది వాళ్ళు అరువు తీసుకున్నారు.

పరీక్ష హాలు గుమ్మంలో అనసూయాదేవి మేడం అడ్డం నిలబడింది.

"ఎర్ర స్టిక్కరు. ఇది లోపలికి రాదు."

"ఇది నాది కాదు మేడం, కాలేజీది," అని కెజియా రిజిస్టరు చీటీ చూపించింది. "కాలేజీ సామగ్రికి స్టిక్కరు అవసరము లేదు. నలభై ఒకటో సర్క్యులర్."

మేడం చీటీ చదివింది. సర్క్యులర్ తెప్పించి చదివింది. కింద సంతకం ప్రిన్సిపాల్ గారిది. గుమ్మంలోంచి పక్కకు జరిగింది. కాగితం మీద ఉన్నది నిజమని ఒప్పుకోవడం ఆమెకు పెద్ద కష్టం కాదు, మనిషి చెప్పింది ఒప్పుకోవడమే కష్టం.

లోపల మూడుగంటల పాటు చక్రాలు తిరిగాయి. ఆదర్శ ఉపకరణాలు తెచ్చిన పదకొండు మంది, బీరువాలోంచి డొల్లను తెప్పించుకున్నవాడితో సహా, నల్లటి తెరల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పర్యవేక్షణకు వచ్చిన ప్రిన్సిపాల్ గారు వాళ్ళ వెనక కొంచెంసేపు నిలబడి, "ఎంతటి ఏకాగ్రత," అని పోయారు.

మూడున్నరకు కెజియా హాల్లోంచి బయటికొచ్చింది. గేర్‌బాక్సు పూర్తయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ దాన్ని రెండుసార్లు తిప్పించుకుని చూశాడు, మార్కులేసేటప్పుడు తల ఊపాడు.

ఆమె లాప్‌టాప్‌ను జీన్సు సంచీలో పెట్టి, జిప్పు వేసి, ఆటస్థలం దాటి గోడ దగ్గరికి నడిచింది. అవతల మిరప చేలో కూలి ఆడవాళ్ళు నలుగురు ఒక బొంతను నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక సువార్తమ్మ. తల మీద కొంగు, కుడికాలు నేల మీద బిగబట్టి ఉంది, మలుపు వస్తున్నట్టు.

"అందిస్తావా?" అంది సువార్తమ్మ.

"అందిస్తే పడినట్టు కాదమ్మా."

"నీ సంగతి నాకు తెలుసులే. అందుకే బొంత తెచ్చా."

కెజియా సంచీని గోడ మీద పెట్టి వదిలింది. అది అవతల పడింది.

నాలుగింటికి ఆటసామాన్ల గది ముందు మళ్ళీ వరస కట్టారు. అందరికంటే ముందు కెజియా. చేతులు ఖాళీ. వీరాస్వామి కారు ఆఖరి చుట్టులో ఉంది. ముందు ఇంకొక్క కారే ఉంది.

"వస్తువు?" అన్నాడు, తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండా.

ఆమె రిజిస్టరు తన వైపుకు తిప్పుకుని, తన పేరుకు ఎదురుగా రాసింది: "గోడ అవతల పడినది." రాసి పెన్ను ఆపింది. ఆ తర్వాతి మాట అబద్ధం. అది ఆమె చేతికి రాదు.

వీరాస్వామి మలుపు ముందు బ్రేకు తొక్కి, వదిలి, లోపలి వైపు నుంచి తిప్పాడు. ముందున్న కారును దాటేశాడు. అదే ఊపులో రిజిస్టరులోకి ఒకసారి తొంగిచూశాడు. పద్దెనిమిదేళ్ళుగా తన చేతికి అలవాటైన వాక్యం సగంలో ఆగి ఉంది. ఆయన పెన్ను తీసుకుని దాన్ని పూర్తి చేశాడు: "దొరకలేదు." కింద సంతకం పెట్టాడు.

"గాలి?" అన్నాడు.

"ఉంది సార్."

"మంచిది. నెక్స్ట్."

వెనకున్నది ఆ వెనక బెంచీ అమ్మాయే. లాప్‌టాప్ గుండెలకు హత్తుకుని, రిజిస్టరు వైపూ కెజియా వైపూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె వెనక ఇంకా నలభై నలుగురు ఉన్నారు.

కెజియా పెన్ను ఆమె చేతిలో పెట్టింది.

"ముందు గోడ దగ్గరికి పోయి రా," అంది. "మావాళ్ళు బొంత ఇంకా పట్టుకునే ఉన్నారు."